ఇల్లు విడిచిన పిల్లలు: మనోగాయ చికిత్సయందు డిజిటల్ సాధనముల తోడ్పాటు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బిలాస్‌పూరు రైలుమార్గముల వలన పెరిగిన పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి ప్రధాన మార్గము 1891లో ఈ ప్రాంతము మీదుగా పూర్తియైనది. హౌరా నుండి ముంబయికి పోవు మార్గమును, కట్నీకి పోవు మార్గమును ఇచ్చట కలియుచున్నవి. 2003 ఏప్రిల్ నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదియే ప్రధాన కేంద్రము. రైల్వే కొలువులను బట్టి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతములనుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. విశాఖపట్నము నుండి విజయనగరము, రాయగడ, టిట్లాగఢ్, రాయపూరు మీదుగా కోర్బాకు పోవు బండి ఈ స్టేషనునందు ఆగును.

ఇట్టి పెద్ద జంక్షనులకు ప్రయాణికులతో పాటు దారి తప్పిన పిల్లలును వచ్చుచుందురు. ఇల్లు విడిచి వచ్చినవారు, తోడు వచ్చిన పెద్దల చేయి జారినవారు, ఎవరో కొనిపోవుచుండగా పోలీసుల కంటబడినవారు వారిలో ఉందురు. రైల్వే రక్షక దళమువారు దేశమంతట స్టేషనులలోను, రైళ్లలోను 2018 మొదలు 2024 మే నెల వరకు రక్షించిన పిల్లల సంఖ్య 84,119. వీరందరును కాందిశీకులు కారు. కాని వీరిలో కల్లోలముల వలన ఊరును, ఇంటిని పోగొట్టుకొన్న బిడ్డలు ఉన్నపుడు వారి అవసరము వేరు. వారికి అన్నము, వస్త్రము, పడకతో పాటు మనస్సునకు చికిత్సయు కావలెను. ఆ చికిత్స చేయువారికి సెల్‌ఫోను, కంప్యూటరు మొదలగు సాధనములు ఎట్లు ఉపకరించునో, ఎచ్చట ఉపకరింపవో తెలుపుటయే ఈ చిన్న పుస్తకము యొక్క ఉద్దేశము.

కాందిశీక జీవితము మనకు క్రొత్త కాదు

తెలుగువారికి కాందిశీకులన్న మాట అనుభవము వలన తెలిసినది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినపుడు రంగూను నుండి వేలకొలది తెలుగువారు కాలినడకను కొండలు, అడవులు దాటి స్వదేశమునకు వచ్చిరి. 1962 తరువాత బర్మాలో ఏర్పడిన సైనిక ప్రభుత్వ కాలమున మరి కొందరు ఓడలలో తిరిగివచ్చిరి. విశాఖపట్నమునందలి బర్మా క్యాంపు అను పేటకు ఆ పేరు ఇట్లు వచ్చినదే.

ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకును ఇట్టి చరిత్ర కలదు. తూర్పు పాకిస్తాను నుండి వచ్చినవారికి పునరావాసము కల్పించుటకై 1958లో దండకారణ్య ప్రణాళిక ఏర్పడినది. రాయపూరు సమీపమునందలి మానా శిబిరమున 1964లోను, తిరిగి 1971లోను వేలాది కుటుంబములు నివసించినవి. హౌరా నుండి రాయపూరునకు పోవు ప్రధాన రైలుమార్గము బిలాస్‌పూరు మీదుగానే పోవును. 1960 దశకారంభమున టిబెట్టు నుండి వచ్చినవారికి సర్గుజా ప్రాంతమున మైన్‌పాట్ పీఠభూమిపై వసతి కల్పింపబడినది. ఇటీవలి కాలమున, 2005లో బస్తరునందు చెలరేగిన హింస వలన గుత్తికోయలుగా పిలువబడు ఆదివాసీ కుటుంబములు అనేకము ఇల్లు విడిచి గోదావరి పరీవాహమునందలి ఖమ్మము, వరంగల్లు అడవులకు చేరినవి. అవి నేడు భద్రాద్రి కొత్తగూడెము, ములుగు మొదలగు జిల్లాలలోని ప్రాంతములు. హైదరాబాదులో బాలాపూరు ప్రాంతమున మ్యాన్మారు నుండి వచ్చిన రోహింగ్యా కుటుంబములు కలవు.

దేశపు ఎల్లలు దాటి వచ్చినవారిని మాత్రమే అంతర్జాతీయ న్యాయము శరణార్థులనును. స్వదేశములోనే ఒకచోటి నుండి మరియొకచోటికి తరలవలసి వచ్చినవారు నిర్వాసితులు. ఈ భేదము న్యాయస్థానములకు ముఖ్యము. పసిబిడ్డ మనస్సునకు ఈ భేదము తెలియదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము సాయుధ సంఘర్షణ వలనగాని, అంతఃకలహముల వలనగాని, ప్రకృతి వైపరీత్యముల వలనగాని బాధపడిన బిడ్డను సంరక్షణ అవసరమైన బిడ్డగా పరిగణించుచున్నది. కావున సేవకుడు బిడ్డను చూచి మొదట అడుగవలసిన ప్రశ్న, ఈ బిడ్డ ఏ దేశమువాడు అనునది కాదు. ఈ బిడ్డకు ఇప్పుడేమి కావలెను అనునది.

2024 సంవత్సరాంతమునకు ప్రపంచమున బలవంతముగా ఇల్లు విడువవలసి వచ్చినవారు 12 కోట్ల 32 లక్షలని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్కించినది. వారిలో నూటికి నలువదిమంది పిల్లలు.

మనోగాయము ఎట్టిది

భయంకరమైన సంఘటన జరిగినపుడు దేహము తన్ను తాను కాపాడుకొనుటకు సిద్ధపడును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును, నిద్ర దూరమగును. ఇది వ్యాధి కాదు, రక్షణ. అపాయము తీరినపిదప ఈ స్థితి క్రమముగా శాంతింపవలెను. కొందరు పిల్లలలో అది శాంతింపదు. అపాయము గడచి నెలలైనను, మెదడులోని హెచ్చరిక గంట మ్రోగుచునేయుండును. తలుపు చప్పుడు, యూనిఫారము ధరించిన మనిషి, పొగ వాసన వంటి చిన్న గుర్తు చాలును, జరిగినదంతయు మరల జరుగుచున్నట్లు బిడ్డకు తోచును. దీనినే మనోగాయమందురు.

దీని లక్షణములు వయస్సును బట్టి మారును. అయిదేండ్లలోపు పిల్లలు పెద్దల కొంగు విడువరు; మానిన పక్క తడుపు అలవాటు తిరిగి వచ్చును; వచ్చిన మాటలు కూడ మరచినట్లుందురు. బడి యీడు పిల్లలు చూచిన సంఘటననే ఆటగా మరల మరల ఆడుదురు. కడుపునొప్పి, తలనొప్పి అని చెప్పుదురు. చదువున మనస్సు నిలుపలేరు. యౌవనమునకు దగ్గరైనవారు మౌనము వహింతురు, లేదా చిన్న మాటకే మండిపడుదురు. ఇది మొండితనము కాదు, సోమరితనమును కాదు. దీనిని దండించినచో గాయము మరింత లోతగును.

ఇల్లు విడిచిన పిల్లలందరును మనోరోగులగుదురని తలంచుట పొరపాటు. భద్రత, పరిచితమైన ముఖము, వేళకు భోజనము, బడి, ఆట లభించినచో ఎక్కువమంది కోలుకొందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన లెక్క ప్రకారము సంఘర్షణలు జరిగిన ప్రాంతములలోని ప్రజలలో అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక వ్యాధి కలదు. అనగా మిగిలిన నలుగురికి కావలసినది ఆదరణ. ఆ ఒకరికి ఆదరణయు, చికిత్సయు రెండును కావలెను. ఆ ఒకరిని సకాలమున గుర్తించుటయే కష్టమైన పని.

ఒక ఉదాహరణము

బిలాస్‌పూరు స్టేషనులో తెల్లవారుజామున దిగిన తొమ్మిదేండ్ల బాలునొకనిని ఊహింపవచ్చును. ఇది ఏ ఒక్క బాలుని కథయు కాదు. ఇట్టి పిల్లల స్థితిని తెలుపు ఉదాహరణము మాత్రమే. అతని తలిదండ్రులు బస్తరు విడిచి గోదావరి వైపు అడవికి చేరినవారు. పనికై పోవుచున్న మేనమామతో బయలుదేరి, జనసమ్మర్దములో విడిపోయి, వేరొక బండి ఎక్కి ఇచ్చటికి వచ్చెను. అతని యింటి భాష కోయ. బడిలో కొంత తెలుగు నేర్చెను. హిందీ రాదు. ప్లాట్‌ఫారముపై అతనిని పిలిచినది యూనిఫారము ధరించిన మనిషి. బాలుడు గోడ వైపు తిరిగి చెవులు మూసికొనెను.

పూర్వపు పద్ధతిలో ఈ బాలునికి ఏమి జరుగునో ఆలోచింపవలెను. రక్షక దళమువారు పేరు, ఊరు అడుగుదురు. తరువాత బాలల సహాయకులు అడుగుదురు. చట్ట ప్రకారము 24 గంటలలోగా అతనిని బాలల సంక్షేమ సమితి ఎదుట ప్రవేశపెట్టవలెను, అచ్చటను అడుగుదురు. పిదప బాలుర గృహమున అధికారి, ఆ పిమ్మట వైద్యుడు అడుగుదురు. ప్రతివారును మంచి మనస్సుతోనే అడుగుదురు. కాని ఊరు ఎందుకు విడిచితివి, ఇల్లు ఏమైనది, ఎవరు చనిపోయిరి అను ప్రశ్నలకు బిడ్డ అయిదు చోట్ల సమాధానము చెప్పవలసి వచ్చినచో, అయిదు మారులును ఆ రాత్రి అతని యెదుట తిరిగి జరుగును. కొందరు పిల్లలు రెండవసారికే నోరు విప్పుట మానివేయుదురు.

ఇచ్చట మూడు లోటులు కనబడుచున్నవి. మొదటిది, బిడ్డ చెంతనున్నవారికి ఈ విద్యలో తగిన శిక్షణ లేకపోవుట. రెండవది, బిడ్డ భాష తెలిసిన నిపుణుడు దొరకకపోవుట. మూడవది, ఒకచోట తెలిసిన సంగతి మరియొకచోటికి అందకపోవుట. డిజిటల్ సాధనములు తీర్పగలవి ఈ మూడు లోటులనే.

దూరము నుండి అందు గురుబోధ

భారతదేశమున లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడైనను లేడు. పిల్లల మనోవ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందినవారు ఇంకను తక్కువ. బిలాస్‌పూరు ఈ విషయమున కొంత భాగ్యము గలది. రాష్ట్ర మానసిక వైద్యశాల ఈ పట్టణమునకు సమీపమునందలి సేంద్రిలో కలదు; ఛత్తీస్‌గఢ్ వైద్య విజ్ఞాన సంస్థ 2001 నుండి ఇచ్చట పనిచేయుచున్నది. కాని సర్గుజా కొండలలోనో, బస్తరు అడవులలోనో ఉన్న ఆరోగ్య కేంద్రపు వైద్యుడు ప్రతి సందేహమునకును రోగిని బిలాస్‌పూరునకు పంపజాలడు.

దీనికి ఒక మార్గమును 2003లో అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయమున డాక్టరు సంజీవ్ అరోరా చూపెను. రోగిని నిపుణుని వద్దకు త్రిప్పుటకు బదులు, నిపుణుని జ్ఞానమును పల్లె వైద్యుని వద్దకు చేర్చుట ఆ మార్గము. నియమిత దినమున పలుచోట్ల నున్న వైద్యులు కంప్యూటరు తెరపై సమావేశమగుదురు. ఒకరు తమ వద్దకు వచ్చిన రోగి స్థితిని, పేరు చెప్పకుండ, వివరింతురు. నిపుణులు ప్రశ్నింతురు, సూచన లిత్తురు. మిగిలినవారు విని నేర్చుకొందురు. ఎకో అను పేరుగల ఈ పద్ధతి మొదట కాలేయ వ్యాధికై పుట్టినది. బెంగుళూరునందలి నిమ్‌హాన్స్ సంస్థ దీనిని మానసిక వైద్యమునకు అన్వయించి, ఛత్తీస్‌గఢ్ జిల్లాలలోని ప్రభుత్వ వైద్యులకు చాంప్ అను పథకము ద్వారా శిక్షణ ఇచ్చినది.

పిల్లల విషయమున కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ సహాయముతో నిమ్‌హాన్స్‌లో 2020లో ఏర్పడిన సంవాద్ అను సంస్థ బాలల గృహముల అధికారులకు, సలహాదారులకు, ఉపాధ్యాయులకు, బాలల సంక్షేమ సమితి సభ్యులకు దూరశిక్షణ నొసగుచున్నది. బిడ్డతో మాట కలుపుటెట్లు, బొమ్మల ద్వారా, కథల ద్వారా అతని భయమును తెలిసికొనుటెట్లు అనునవి ఇట్టి శిక్షణలో ముఖ్యాంశములు.

ఇట్టి శిక్షణ పొందినవారు మన యుదాహరణములోని బాలుని ఎట్లు పలుకరింతురు? ఎదుట నిలువబడరు, అతని ఎత్తునకు కూర్చుందురు. ముందు నీరు, అన్నము ఇత్తురు. "ఇక్కడ నీకు భయము లేదు నాయనా. నిన్ను ఎవ్వరును కొట్టరు. నీకు ఇష్టమైనపుడు మాట్లాడవచ్చును" అందురు. జరిగినది చెప్పుమని బలవంతము చేయరు. సంఘటన జరిగిన వెంటనే బాధితునిచేత దానినంతయు ఒక్కమారు చెప్పించివేసినచో మనస్సు తేలికపడునని పూర్వము కొందరు నమ్మిరి. అట్టి బలవంతపు వర్ణన మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది. 2011లో ఆ సంస్థ ప్రకటించిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకము మూడు పనులే చెప్పినది: చూచుట, వినుట, తగిన సహాయముతో కలుపుట.

బిడ్డ భాష పలుకు కంఠము

రెండవ లోటు భాష. బిడ్డకు భయము కలిగిన భాష ఏదో, ఓదార్పు అందవలసిన భాషయు అదియే. మన బాలుడు హిందీ ప్రశ్నకు పలుకడు. కాని ప్లాట్‌ఫారముపై పనిచేయు తెలుగు రైల్వే ఉద్యోగి "ఏ ఊరు నాయనా నీది?" అని అడిగినచో తల త్రిప్పి చూడవచ్చును. ఆ పలుకరింపుతో దారి తెరచుకొనును. అయితే ఆ ఉద్యోగి మనోవైద్యుడు కాడు. కావున భాష తెలిసిన మనిషిని, విద్య తెలిసిన మనిషిని ఒకచోట కలుపవలెను.

2022 అక్టోబరు 10వ తేదీన, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, భారత ప్రభుత్వము టెలీ మానస్ సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను, రుసుము లేక ఫోను చేయవచ్చును. తెలుగు, హిందీ మొదలగు ఇరువది భాషలలో శిక్షణ పొందిన సలహాదారులు మాటలాడుదురు. అవసరమైనచో వారు మానసిక వైద్యునితో కలుపుదురు, లేదా సమీపమునందలి వైద్యశాలకు పంపుదురు. ఈ సేవ రోగులకు మాత్రమే కాదు. బిడ్డను చేరదీసిన అధికారిగాని, ఉపాధ్యాయుడుగాని, గృహిణిగాని తామేమి చేయవలెనో అడిగి తెలిసికొనవచ్చును. బిలాస్‌పూరునందుండి తెలుగున సలహా పొందుటకు ఇది సులభమైన మార్గము.

కోయ, గోండీ వంటి భాషలలో అట్టి సలహాదారులు లభించుట నేటికిని కష్టము. ఆ భాష తెలిసిన ఉపాధ్యాయునో, ఆరోగ్య కార్యకర్తనో ఫోను ద్వారా దుబాసీగా కూర్చుండబెట్టవచ్చును. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుండి గ్రామములలో పనిచేయుచున్న మితానిన్‌లు ఇందుకు తగినవారు. మితానిన్ అనగా ఆ ప్రాంతపు పలుకుబడిలో నెచ్చెలి. దుబాసీగా బిడ్డ బంధువులను, ఇతర పిల్లలను ఉంచరాదు. మేనమామ ఎదుట చెప్పలేని మాట బిడ్డకు ఉండవచ్చును. ఫోనులలో నుండు యంత్రానువాదమును భోజనము, నీరు, పడక వంటి సామాన్య విషయములకు వాడవచ్చునేగాని, మనస్సునకు సంబంధించిన సంభాషణకు దానిపై ఆధారపడరాదు. చిన్న భాషలలో అది తరచు తప్పును; తప్పిన సంగతి ఇరువురికిని తెలియదు.

ఒక్కసారి చెప్పిన మాట

మూడవ లోటు, సంగతి ఒకచోటి నుండి మరియొకచోటికి అందకపోవుట. కాందిశీకుల బిడ్డ నిలుకడలేని బిడ్డ. నేడు స్టేషను, రేపు గృహము, ఎల్లుండి వేరొక జిల్లా. కాగితము అతనితో పాటు పోదు. పోయినను తడిసిపోవును, పారవేయబడును.

2010 దశకమున ఉగాండా దేశమునందు కాంగో నుండి వచ్చిన కాందిశీకుల మధ్య ఐక్యరాజ్యసమితి బాలల నిధివారు ర్యాపిడ్ ఎఫ్.టి.ఆర్. అను సాధనమును ప్రయోగించి చూచిరి. తప్పిపోయిన బిడ్డ వివరములను, ఛాయాచిత్రమును కార్యకర్త సెల్‌ఫోనులో నమోదు చేయును. వేరొక శిబిరమున తల్లి తన బిడ్డకై అడిగినపుడు ఆ వివరములు అచ్చట వెదకవచ్చును. తరువాత ఇట్టి అనుభవముల నుండి ప్రిమెరో అను మరింత విస్తృతమైన సాధనము రూపొందినది. అది బిడ్డకు చేసిన సహాయమునంతయు వరుసగా నమోదు చేయును.

భారతదేశమున తప్పిపోయిన, దొరికిన పిల్లల వివరములకై ట్రాక్ చైల్డ్ అను జాలస్థానము, 2015లో ప్రజలకై ఖోయా పాయా అను జాలస్థానము ఏర్పడినవి. ఇవి రెండును తరువాత మిషన్ వాత్సల్య జాలస్థానమునందు చేర్పబడినవి. పోలీసులు, బాలల సంక్షేమ సమితులు, బాలల గృహములు తమ తమ అధికారమును బట్టి ఇందులో వివరములు నమోదు చేయుదురు. బిలాస్‌పూరున దొరికిన బాలుని ఆనవాలు కొత్తగూడెమున అతనికై వెదకుచున్న తలిదండ్రుల ఫిర్యాదుతో సరిపోల్చుటకు ఇట్టి నమోదు అవసరము. తల్లిదండ్రులను చేరుటను మించిన చికిత్స చిన్న బిడ్డకు లేదు. కావున కుటుంబమును వెదకుటయు వైద్యములో భాగమే.

అయితే ఏమి వ్రాయవలెను అనునది ముఖ్యము. సంఘటన వివరములు అందరికిని అక్కరలేదు. "ఈ బాలుడు యూనిఫారము చూచి భయపడును; దీపము ఆర్పినచో నిద్రింపడు; తెలుగు, కోయ మాటలాడును; జరిగినది ఒకమారు చెప్పియున్నాడు, మరల అడుగవలదు" అను నాలుగు మాటలు తరువాతి సేవకునికి చాలును. ఈ నాలుగు మాటలు సకాలమున అందినచో, ఆ రాత్రి గృహపు కాపలాదారు దీపము ఆర్పడు. బిడ్డ నిద్రించును. సాధనము యొక్క ప్రయోజనమును ఇట్టి చిన్న ఫలితములను బట్టియే కొలువవలెను.

ప్రశ్నావళులు, వాటి హద్దులు

ఏ బిడ్డకు నిపుణుని అవసరము కలదో గుర్తించుటకు కొన్ని ప్రశ్నావళులు వాడుకలో నున్నవి. వానిలో ఒకటి 1997లో బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ ప్రకటించినది. అందు 25 అంశములు కలవు. ఫోనులోగాని, పలకవంటి కంప్యూటరులోగాని ఇట్టివానిని నింపినచో లెక్క తప్పదు, పోలిక సులభమగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ప్రకటించిన చికిత్సా మార్గదర్శిని కూడ ఇపుడు సెల్‌ఫోనులో చూచుకొనుటకు వీలగు రూపమున లభించుచున్నది. సందేహము వచ్చినపుడు పల్లె వైద్యుడు జేబులోని ఫోనును చూచి సరిచూచుకొనవచ్చును.

కాని ప్రశ్నావళి జ్వరమాపకము వంటిది. జ్వరము కలదని చెప్పునేగాని, ఏ జ్వరమో చెప్పదు. ఎక్కువ అంకె వచ్చిన బిడ్డను రోగియని ముద్రవేయరాదు. తక్కువ అంకె వచ్చినదని మౌనముగా నున్న బిడ్డను విడిచిపెట్టరాదు. ఒక సంస్కృతిలో తయారైన ప్రశ్న వేరొక సంస్కృతిలో వేరు అర్థమునిచ్చును. కడుపులో మంట అను బాలుడు దుఃఖమును గూర్చియే చెప్పుచుండవచ్చును. ఇది ఎదుట కూర్చున్న మనిషికి తెలియవలసినదే.

బిడ్డ చేతికే ఫోను ఇచ్చి, అందులోని ఆటలు, బొమ్మలు మనస్సును బాగుచేయునని విడిచిపెట్టుట చికిత్స కాదు. శిక్షణ పొందిన మనిషి ప్రక్కన కూర్చుండి కథ చెప్పుటకో, శ్వాసను నెమ్మదించు అభ్యాసము చూపుటకో వాడినపుడే వానికి ప్రయోజనము కలదు.

రహస్య రక్షణ

కాగితపు రికార్డు బీరువాలో నుండును. డిజిటల్ రికార్డు క్షణములో వేయిచోట్లకు పోగలదు. కాందిశీకుల బిడ్డ విషయమున ఇది ప్రాణాపాయము కూడ కావచ్చును. ఏ భయము వలన కుటుంబము పారిపోయినదో, ఆ భయమే వారి నివాసమును కనుగొనవచ్చును.

అందువలన 2015 నాటి బాలల న్యాయ చట్టములోని 74వ విభాగము ఇట్టి బిడ్డ పేరును, చిరునామాను, బడిని, ఛాయాచిత్రమును పత్రికలలోగాని, ఇతర ప్రచార సాధనములలోగాని ప్రకటించుటను నిషేధించుచున్నది. ఉల్లంఘించినవారికి ఆరు నెలల వరకు కారాగారవాసముగాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. దయతోనే అయినను, స్టేషనులో ఏడ్చుచున్న బిడ్డ ఫోటో తీసి వాట్సాప్ బృందములకు పంపుట తగదు. ఆ ఫోటో బిడ్డ పెరిగి పెద్దవాడైన పిమ్మటను అతనిని విడువదు. వృత్తిసేవకులు కూడ తమ స్వంత ఫోనులలో బిడ్డ వివరములు ఉంచుకొనరాదు. ప్రభుత్వము నిర్ణయించిన జాలస్థానమునందే నమోదు చేయవలెను. సంకేతపదమును ఇతరులకు చెప్పరాదు. అవసరమైనంత మాత్రమే వ్రాయవలెను. ఏమి వ్రాయుచున్నదియు, ఎందుకు వ్రాయుచున్నదియు బిడ్డకు అర్థమగు మాటలలో చెప్పవలెను. తన కథపై తనకు అధికారము కలదని తెలియుట మనోగాయము నుండి కోలుకొనుటలో ఒక మెట్టు.

సాధనము చేయలేనిది

విద్యుత్తు పోవును. సంకేతము అందదు. జాలస్థానము తెరచుకొనదు. అట్టి వేళలకై ముఖ్యమైన ఫోను సంఖ్యలు గోడపై వ్రాసియుంచవలెను; నమోదు కాగితములు సిద్ధముగా నుండవలెను. అంతకు మించి, ప్రతిదినమును ఇట్టి కథలు వినుచున్న సేవకుల మనస్సులును అలసిపోవునని అధికారులు గుర్తింపవలెను. దూరశిక్షణ సమావేశములలో తమ బరువును తోటివారితో పంచుకొనుటకు కొంత సమయము కేటాయించుట మేలు. టెలీ మానస్ సంఖ్య వారికిని తెరచియే యున్నది.

సాధనము బిడ్డను ఒడిలోనికి తీసికొనదు. తీసికొనువారికి ఏమి చేయవలెనో తెలియజేయును, వారు ఒంటరివారు కాకుండ చూచును, ఒకరు ప్రారంభించిన పనిని మరియొకరు కొనసాగించునట్లు చేయును. అంతవరకే దాని పని.

సామాన్య ప్రజలు గుర్తుంచుకొనవలసినవి

స్టేషనులోగాని, బండిలోగాని ఒంటరిగా నున్న బిడ్డ కనబడినచో 1098 సంఖ్యకు ఫోను చేయవలెను. 1996లో ముంబయిలో ప్రారంభమైన ఈ బాలల సహాయ సేవను 2023 నుండి ప్రభుత్వ యంత్రాంగమే నడుపుచు, 112 అత్యవసర సేవతో కలిపినది. రైల్వే ఆవరణలో 139 సంఖ్యకును చెప్పవచ్చును, లేదా సమీపమునందలి రక్షక దళపు ఉద్యోగికి తెలుపవచ్చును.

సహాయము వచ్చువరకు బిడ్డకు కనబడునంత దూరమున ఉండవలెను. నీరు ఇవ్వవలెను. బిడ్డ భాష తెలిసినచో ఆ భాషలో మెల్లగా పలుకరింపవలెను. ఎందుకు వచ్చితివని గుచ్చి గుచ్చి అడుగరాదు. ఫోటో తీయరాదు. నీ తల్లి వచ్చును అని తెలియని మాట ఇవ్వరాదు; నిన్ను ఒంటరిగా విడువము అని మాత్రము చెప్పవచ్చును, చెప్పినచో నిలుపుకొనవలెను.

ఉపాధ్యాయులు, పొరుగువారు బడికి క్రొత్తగా చేరిన అట్టి బిడ్డయందు నెల దాటినను భయము, నిద్రలేమి, మౌనము తగ్గనిచో 14416 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవలెను. లేదా జిల్లా వైద్యశాలలోని మానసిక వైద్య విభాగమునకు కొనిపోవలెను. బిలాస్‌పూరు పరిసరములవారికి సేంద్రి వైద్యశాల సమీపమున కలదు.

బర్మా నుండి నడచివచ్చిన తెలుగు బిడ్డలకును, మానా శిబిరమున పెరిగిన బిడ్డలకును ఇట్టి సేవలు లేవు. వారు తమ భయములను తమలోనే దాచుకొని వృద్ధులైరి. నేడు బండి దిగి ప్లాట్‌ఫారముపై నిలిచిన బిడ్డకు ఆ గతి పట్టనవసరము లేదు. సలహా ఇచ్చు కంఠము ఫోనులో కలదు, నేర్పు గురువు తెరపై కలడు, చెప్పిన మాటను భద్రపరచు రికార్డు కలదు. ఆ బిడ్డను మొదట చూచిన మనిషి ఆగి, అతని ఎత్తునకు కూర్చుండి, మెల్లగా పలుకరించినచో ఈ సాధనములన్నియు పనికివచ్చును.